పేరు చెప్పని క్యాసెట్: హైదరాబాద్‌లో పట్టిన ఈ స్టేషన్ ఏది?

డయల్‌ముల్లు (#1)

లేబుల్ లేని సీ-60 క్యాసెట్. రేడియోలోంచి ఎక్కించిన తెలుగు సినిమా పాటలు. పట్టింది హైదరాబాద్‌లో, మలక్‌పేట వైపు. స్టేషన్ పేరు ఎక్కడా వినపడదు, రికార్డు బటన్ ప్రతిసారీ పాట మొదలయ్యాకే నొక్కారు.

కంప్యూటర్‌కు ఎక్కించి స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎప్పుడు ఉందో చూపే బొమ్మ) తీస్తే కనపడ్డవి ఇవి. పాట 5 కిలోహెర్ట్జ్ దాకానే ఉంది, ఆ పైన అంతా బుస. 9.1 కిలోహెర్ట్జ్ దగ్గర వెంట్రుకంత గీత టేపు పొడుగునా సాగింది. కింద 50 హెర్ట్జ్ దగ్గర రెండు గీతలు: ఒకటి సరిగ్గా 50.0, కదలదు. రెండోది 49.1, కొంచెం వణుకుతోంది. అరనిమిషానికోసారి గొంతు పగిలి, పల్చబడి, మళ్ళీ తేరుకుంటుంది. పద్నాలుగో నిమిషంలో ఎవరో నాబ్ తాకినట్టు ఒక ఈల 4 కిలోహెర్ట్జ్ నుంచి 5 దాకా జారి వెనక్కి వచ్చింది.

49.1ని బట్టి టేపు 1.8 శాతం నెమ్మదిగా తిరుగుతోందని లెక్క వేశాను. స్టేషన్ వివిధభారతి అనుకుంటున్నాను. సరిదిద్దండి.

నల్లకుంట92 (#2)

వివిధభారతే అన్నా. సినిమా పాటలంటే ఇంకెవరు వేస్తారు?

406 మీటర్లు (#3)

అందరూ వేసేవాళ్ళు, గొడవంతా అక్కడే. హైదరాబాద్ ఇంట్లో ఒక రేడియో సెట్టు మీద ఎంతమంది పోటీ పడేవారో ముందు చూడండి. హైదరాబాద్ ‘ఎ’ 738 కిలోహెర్ట్జ్, 200 కిలోవాట్లు. హైదరాబాద్ ‘బి’ 1377, 20 కిలోవాట్లు. ఊళ్ళో వివిధభారతి. చీకటి పడ్డాక విజయవాడ 837, కడప 900, విశాఖ 927, మూడూ 100 కిలోవాట్లవే. షార్ట్‌వేవ్‌లో శ్రీలంక వాళ్ళ రేడియో సిలోన్, 11905, 7190. మీటర్లు అచ్చేసిన పాత డయల్ అయితే వరుసగా 406, 218, 358, 333, 323 దగ్గర, సిలోన్ 25, 41 మీటర్ల బ్యాండ్లలో చూడాలి.

ఇప్పుడు మీ టేపు. గొంతు పగిలి తేరుకుంటోందంటే ఊళ్ళో స్టేషన్ కాదు. ఊళ్ళో స్టేషన్ తరంగం నేల వెంట వస్తుంది, పగలూ రాత్రీ ఒకే బలం. దూరపు స్టేషన్ రాత్రిపూట పైనున్న అయనోస్ఫియర్‌కు తగిలి దిగుతుంది. రెండు మూడు దారుల్లో వచ్చినవి ఒకదానికొకటి అడ్డం పడితే క్యారియర్ (పాటను మోసే అసలు తరంగం) ఒక్కసారి పడిపోతుంది, దాని పక్కన పాట ఉండే పట్టీలు మాత్రం మిగులుతాయి. అప్పుడు సెట్టులో పాటను విడదీసే డిటెక్టర్ గొంతును చించి ఇస్తుంది. ధ్వని తగ్గడం కాదు, *పగలడం* గుర్తు. కాబట్టి 738, 1377, ఊళ్ళో వివిధభారతి మూడూ పోయాయి.

సిలోన్ కూడా కాదు. షార్ట్‌వేవ్‌లో స్టేషన్ల మధ్య ఎడం 5 కిలోహెర్ట్జ్, పక్క స్టేషన్ క్యారియర్‌తో కొట్టుకుని పుట్టే ఈల 5 దగ్గర పడాలి. మీ గీత 9.1 దగ్గరుంది. మీడియం వేవ్‌లో ఎడం 9. 738, 837, 900, 927, 1377 అన్నిటినీ 9తో భాగించి చూడండి, శేషం రాదు.

నల్లకుంట92 (#4)

9.1 అంటే 9 కాదుగా? పైగా టేపు నెమ్మది అంటున్నారు. సరిచేస్తే 9.27 అవుతుంది, అది ఏ లెక్కకూ రాదు.

టేపుపురుగు (#5)

లెక్క రాకపోవడానికి కారణం 49.1ని నిజంగా 50 అనుకోవడం.

మొదట ఆ రెండు గీతలు విడదీయండి. కదలని 50.0 మీ ఇప్పటి క్యాసెట్ డెక్‌ది. టేపు తీసేసి డెక్ ఆన్‌లో ఉంచి అరనిమిషం రికార్డు చేయండి, ఆ గీత ఒక్కటే మిగులుతుంది. వణికేది టేపులోనే ఉంది, టేపు పరుగులో హెచ్చుతగ్గులతో పాటు ఊగుతుంది. అంటే అప్పట్లో రేడియోనో రికార్డర్‌నో కరెంటు మీద నడిపారు, రెండూ బ్యాటరీ మీద కాదు.

కానీ అప్పటి కరెంటు 50 అని ఎవరు చెప్పారు? సాయంత్రం లోడు పెరిగితే దక్షిణాది గ్రిడ్ 48.5 దాకా దిగిన రోజులు కొల్లలు. 2003లో గ్రిడ్ ఫ్రీక్వెన్సీని బట్టి కరెంటు ధర మారే ఏబీటీ టారిఫ్ విధానం ఇక్కడికి వచ్చాకే ఫ్రీక్వెన్సీ గాడిలో పడింది. అందుకని పాత టేపుల్లో హమ్‌ను (ఈ కరెంటు మోతను) కొలబద్దగా వాడకూడదు. ఆకాశంలో ఉన్న కొలబద్దను వాడాలి. స్టేషన్ల క్యారియర్‌లు క్రిస్టల్ మీద నడుస్తాయి, వాటి మధ్య తేడా మారదు.

మీ 9.1 నిజానికి 9.0 అనుకుంటే టేపు 1.1 శాతం *వేగంగా* తిరుగుతోంది. 49.1ని 1.011తో భాగిస్తే 48.6. సాయంత్రపు గ్రిడ్‌కు అతికినట్టు సరిపోయింది. 9.1 నిజానికి 10 అనుకుంటే? టేపు 9 శాతం నెమ్మది, హమ్ 54కు పోతుంది. ఏ గ్రిడ్డూ 54 దగ్గర బతకదు. కాబట్టి 9 ఖాయం.

దీంతో తారీఖు కూడా కొంత తెలిసింది. మన వైపు మీడియం వేవ్ 10 కిలోహెర్ట్జ్ ఎడం నుంచి 9కి మారింది 1978 నవంబరు 23న, జెనీవా ప్రణాళికతో. టేపు ఆ తర్వాతదే. 48.6 హమ్‌ను బట్టి 2003కు ముందుదని నా ఊహ, కానీ ఇది మొదటిదంత గట్టి ఆధారం కాదు.

ఇంకోమాట. గదిలో టీవీ నడుస్తుంటే 15.625 కిలోహెర్ట్జ్ దగ్గర గీత పడుతుంది, అది హమ్ కంటే నమ్మదగ్గ కొలబద్ద. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది, కనక ఆ కాలపు టేపుల్లో వెతకడం దండగ కాదు. మీ రికార్డర్ అంత పైకి పట్టి ఉండదు లెండి.

డయల్‌ముల్లు (#6)

టేపు లేకుండా చూశాను. 50.0 ఒక్కటే మిగిలింది, మీరన్నది సరే. అంటే నేను పిచ్ సరిచేసిన ఫైళ్ళన్నీ తప్పు దిక్కుకు సరిచేశాను.

టేపుపురుగు (#7)

అసలు ఫైల్ ఉంచుకున్నారుగా, నష్టం లేదు. సరిచేయడం ఎప్పుడూ కాపీ మీదే.

మళ్ళీ ఎక్కించేటప్పుడు టేపును చదివే హెడ్ కోణం కూడా చూడండి. హెడ్ పక్కన స్ప్రింగ్ ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. మోనోలో వింటూ పావు చుట్టు లోపే అటూ ఇటూ తిప్పితే ‘స’, ‘ష’ ఒక చోట పదునెక్కుతాయి. అక్కడ ఆపాలి. టేపు రెండో వైపుకు మళ్ళీ తిప్పుకోవాల్సి రావచ్చు. స్క్రూడ్రైవర్‌కు అయస్కాంతం ఉండకూడదు. మోనో రికార్డర్ ఎక్కించిన ట్రాక్‌ను స్టీరియో డెక్ ఎడమ, కుడి అని రెండు ముక్కలుగా చదువుతుంది. కోణం కుదిరాక ఆ రెండూ కలిపితే బుస 3 డెసిబెల్ దాకా తగ్గుతుంది. కుదరకముందు కలిపితే పై స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తాయి, గొంతు దుప్పటి కప్పుకున్నట్టు అవుతుంది.

క్యాసెట్ కిటికీలోంచి చూడండి: రాగి రేకు మీద అంటించిన నలుచదరం ఫెల్ట్ ముక్క ఉండాలి. పాత జిగురు ఎండి అది ఊడిపోతే టేపు హెడ్‌కు ఆనదు, ధ్వని వస్తూ పోతూ ఉంటుంది. దాన్ని రేడియో ఫేడింగ్ అని పొరబడేవాళ్ళు చాలామంది. తేడా సులువు: ఫెల్ట్ లేకపోతే 9.1 గీత కూడా పాటతో పాటే మాయమవుతుంది, గొంతు మాత్రం పగలదు.

సైఫాబాద్ శ్రోత (#8)

గీతలు బాగానే ఉన్నాయి, కానీ చెవిని ఇంత తక్కువ చేయకండి. ఏ స్టేషన్ గొంతు ఏదో తెలిసినవాళ్ళకు అరనిమిషం చాలు.

ఒక హెచ్చరిక: వార్తలు ఆధారం కావు. ఢిల్లీ తెలుగు వార్తలను తెలుగు కేంద్రాలన్నీ ఒకేసారి రిలే చేసేవి. పన్యాల రంగనాథరావు గొంతో, అద్దంకి మన్నార్ గొంతో వినపడిందని హైదరాబాద్ అనుకుంటే బోల్తా పడినట్టే. స్థానిక కార్యక్రమాలే పట్టిస్తాయి. చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు కబుర్లు వినపడితే కార్మికుల కార్యక్రమం, హైదరాబాద్. ఉర్దూ ‘నైరంగ్’ కూడా హైదరాబాదే. ఉషశ్రీ ధర్మసందేహాలు తీరుస్తుంటే విజయవాడ. తెలుగులో మీనాక్షీ పొన్నుదురై పలికితే సిలోన్. హిందీ పాటల గీత్‌మాలా 1988 దాకా సిలోన్, 1989 నుంచి వివిధభారతి. సిలోన్ తన పేరు ‘శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్’ అని చెప్పుకుంటే 1972 గానీ ఆ తర్వాత గానీ.

ఉత్తరాలకు చిరునామా చెబితే చెవి రిక్కించండి. ‘హైదరాబాద్ 4’ అంటే పాతది, ‘500 004’ అంటే పిన్ కోడ్ వచ్చిన 1972 ఆగస్టు 15 తర్వాతది. ప్రకటనలో ఫోన్ నంబరు ఉంటే అంకెలు లెక్కపెట్టండి: ఎనిమిది అంకెలుండి 2తో మొదలైతే 2000 తర్వాతి టేపు. పాటల్లో అన్నిటికంటే కొత్తది ఏ సినిమాదో చూస్తే టేపు అంతకు ముందుది కాదని ఎలాగూ తెలుస్తుంది.

కోరిన పాటల కార్యక్రమమైతే ఊళ్ళ పేర్లు రాసుకోండి. సిలోన్‌కూ వివిధభారతికీ నాలుగు దిక్కుల నుంచీ ఉత్తరాలు వెళ్ళేవి. ప్రాంతీయ కేంద్రానికి చుట్టుపక్కల జిల్లాల నుంచే ఎక్కువ. పాటల మధ్య మాటలేమీ మిగల్లేదా?

డయల్‌ముల్లు (#9)

రెండు చోట్ల బటన్ ఆలస్యంగా ఆపారు. కొన్ని పేర్లు వస్తాయి. బుసలో అర్థం కాలేదు. కోణం సరిచేశాక మళ్ళీ వింటాను.

గుజరాతీగల్లీ సోల్డర్ (#10)

అందరూ అన్నీ చెప్తున్నరు గని ఆ జారే ఈలను ఎవలూ పట్టించుకుంటలేరు. అసలు సంగతి అండ్లనే ఉన్నది.

సూడుర్రి. 9.1 గీత నాబ్ తాకినప్పుడు కదల్లేదు. ఎందుకంటే రెండు స్టేషన్లు ఒకే సెట్టుల నుంచి పోతయి, వాటి మధ్య తేడా నాబ్‌తోని మారది. 4 నుంచి 5కి జారిన ఈల మాత్రం నాబ్ తిప్పితే కదిలింది. అంటే అది బయటి నుంచి వచ్చింది కాదు, సెట్టే పుట్టించింది.

ఎట్ల పుట్టిస్తది? సూపర్‌హెట్ సెట్టుల ఏ స్టేషన్ పెట్టినా లోపల ఐఎఫ్ అనే ఒకటే ఫ్రీక్వెన్సీకి దించుతరు. పాత వాల్వ్ సెట్లల్ల మస్తు వాటికి అది 452 కిలోహెర్ట్జ్, తర్వాతి ట్రాన్సిస్టర్లల్ల 455. డిటెక్టర్ డయోడ్ దగ్గర దానికి రెట్టింపు కూడా పుడ్తది: 904. డబ్బా కవచం సరిగ లేకుంటే, లేకపోతే ఎవడన్న మెకానిక్ ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా ఎర్త్ తీసేసి ఊకుంటే, ఆ 904 వెనకకు పోయి యాంటెన్నా కాయిల్‌ల పడ్తది. ముల్లు 904 పక్కన ఏ స్టేషన్ మీద ఉన్నదో ఆ స్టేషన్‌తోని కొట్టుకొని ఈల వేస్తది.

904 పక్కన ఎవలున్నరు? 900. కడప. తేడా 4 కిలోహెర్ట్జ్. ముల్లు ఒక కిలోహెర్ట్జ్ జరిగితే ఈల రెండు జరుగుతది, రెట్టింపు కదా. మీ ఈల 4 నుంచి 5కి పోయిందంటే నాబ్ అరకిలోహెర్ట్జ్ జరిగింది, అంతే. వేలు తగిలినంత.

విజయవాడ 837కు గట్ల రాదు, 67 దూరం. విశాఖ 927కు 23 దూరం, చెవికి అందది. నా లెక్కల ఇది కడప.

406 మీటర్లు (#11)

ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. కడప హైదరాబాద్‌కు దాదాపు నేరుగా దక్షిణంగా, 300 కిలోమీటర్ల పైచిలుకు. పగలు ఇక్కడికి బలంగా రాదు, రాత్రి పగిలి వస్తుంది. #3లో చెప్పినదానితో కలిసింది.

ఒక్క సందేహం: సెట్టు 455ది అయితే రెట్టింపు 910. అప్పుడు 900కి తేడా 10, ఈల 4 దగ్గర ఎలా వస్తుంది?

గుజరాతీగల్లీ సోల్డర్ (#12)

రాది. 455 అయితే నా లెక్క మొత్తం పోయింది. అందుకే ఆ సెట్టు ఇంకా ఉన్నదా అని అడగాలె.

నల్లకుంట92 (#13)

ఒక పక్క ప్రశ్న. నా దగ్గరున్న ఎఫ్ఎం టేపులకూ ఇదే పద్ధతా? 2001లో 91.1 హైదరాబాద్‌లో మొదలైనప్పటివి అని రాసి ఉంది.

రామంతాపూర్ టవర్ (#14)

రాసింది తప్పు. 2001 జులైలో రేడియో సిటీ మొదలైంది బెంగళూరులో, దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం అదే. హైదరాబాద్‌కు ప్రైవేటు ఎఫ్ఎంలు వచ్చింది 2006లో, రెండో విడత లైసెన్సులతో: 91.1 రేడియో సిటీ, 98.3 మిర్చి, 92.7 బిగ్, 93.5 ఎస్ ఎఫ్ఎం. ఆ 93.5 తర్వాత రెడ్ అయింది, అదొక గుర్తు. టేపులో ‘ఎస్ ఎఫ్ఎం’ అని వినపడితే మొదటి ఏళ్ళది. ఆకాశవాణి వైపు 101.9 రెయిన్‌బో, 102.8 వివిధభారతి.

ఎఫ్ఎం టేపులో పై పద్ధతులేవీ పనిచేయవు. పక్కవాడి ఈల ఉండదు, ఎఫ్ఎంలో బలమైనవాడు బలహీనుణ్ణి మింగేస్తాడు. 15 కిలోహెర్ట్జ్ దాకా స్వరాలుంటే ఎఫ్ఎం. 19 దగ్గర గీత ఉంటే అది స్టీరియో ప్రసారానికి గుర్తుగా పంపే పైలట్ స్వరం, ఇక అనుమానమే లేదు. కానీ లేకపోతే ఎఫ్ఎం కాదని అనుకోకండి, మంచి డెక్‌లలో బుస తగ్గించే డాల్బీ గజిబిజి కాకుండా ఎంపీఎక్స్ ఫిల్టర్ దాన్ని కోసేసేది.

ఏ స్టేషనో తేల్చేది లోపలి సరుకే. వార్తలు వస్తే ప్రైవేటు కాదు, రెండో విడతలో వాళ్ళకు వార్తలు నిషేధం. సెల్‌ఫోన్ పక్కన పెట్టినప్పటి బుర్ర్ బుర్ర్ మోత వినపడితే, అది 217 హెర్ట్జ్ తాళం, 1990ల చివరి నుంచి.

పోటీ డయల్ మీద ఎలా ఉండేదో చెబుతాను, ఇది ఎవరూ రాయరు. రెండో విడతలో ఎడం 800 కిలోహెర్ట్జ్. 91.1, 91.9, 92.7, 93.5, 94.3, అంతా ఆ మెట్లే. చిన్న పాకెట్ రేడియోలో 88 నుంచి 108 దాకా 6 సెంటీమీటర్ల డయల్ అనుకోండి. 92.7కీ 93.5కీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేవు. దానికి తోడు ఏఎఫ్‌సీ. ముల్లు మధ్యలో ఉంటే ఏ స్టేషన్ బలంగా ఉందో దాని మీదికి అది లాగేసుకుంటుంది. అందుకే ‘మా ఏరియాలో ఫలానా స్టేషన్ రాదు’ అనే మాట సగం స్టేషన్ తప్పు కాదు, ఏఎఫ్‌సీ తప్పు. స్విచ్ ఉంటే తీసేసి ట్యూన్ చేసి, మళ్ళీ వేయాలి. టవర్‌కు దగ్గరైతే 75 సెంటీమీటర్ల యాంటెన్నా పూర్తిగా లాగకండి, ముందు దశ ఉక్కిరిబిక్కిరై ఒక స్టేషన్ నాలుగు చోట్ల కనపడుతుంది.

సైఫాబాద్ శ్రోత (#15)

2006 తర్వాత పోటీ అంటే నాలుగు చోట్లా ఒకే కొత్త పాట. నా లెక్కలో అది పోటీ కాదు, కోరస్. సరే, వాదనకు దిగను.

శాటిలైట్ రేడియో టేపులు కూడా బయట తిరుగుతున్నాయి, వరల్డ్‌స్పేస్ ‘స్పందన’ ఛానెల్‌వి. వాటిని ఎఫ్ఎం అని అమ్ముతున్నారు.

రామంతాపూర్ టవర్ (#16)

వాటిని గుర్తుపట్టడం సులువు. అది ఎంపీ3 తరహా కుదింపు, కాబట్టి పై అంచు కత్తితో కోసినట్టు సమానంగా ఉంటుంది, తాళాల ధ్వని నీళ్ళలో గలగలమన్నట్టుంటుంది. సిగ్నల్ పోతే బుస రాదు, నిశ్శబ్దం. హైదరాబాద్ నుంచి పలక యాంటెన్నాను ఆగ్నేయానికి, ఉత్తరం నుంచి 121 డిగ్రీలు తిప్పి, 53 డిగ్రీల ఎత్తుకు పెట్టాల్సి ఉండేది. కొబ్బరిచెట్టు అడ్డొస్తే చాలు, అంతే సంగతులు. 2009 డిసెంబరు 31తో మూతపడింది, ఆ తర్వాత తారీఖు రాసి ఉంటే నమ్మకండి.

టేపుపురుగు (#17)

అమ్మకాల మాట వచ్చింది గనక: ‘దక్కన్ రేడియో నుంచి నేరుగా పట్టిన క్యాసెట్’ అనే సరుకు కూడా కనపడుతోంది. నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. క్యాసెట్ పుట్టింది 1963లో. మధ్య 13 ఏళ్ళు. ఉంటే గింటే ఏ డిస్కు నుంచో కాపీ అయి ఉండాలి, నేరుగా పట్టింది కాదు.

డయల్‌ముల్లు (#18)

కోణం సరిచేశాను. పావు చుట్టు కూడా పట్టలేదు, బుసలోంచి మాటలు పైకి తేలాయి. రెండో వైపు చివర్లో కోరినవాళ్ళ ఊళ్ళు: ‘ప్రొద్దుటూరు’ స్పష్టం, ‘జమ్మలమడుగు’ దాదాపు స్పష్టం. మూడోది ‘నంద్యాల’ కావచ్చు.

సెట్టు అటక మీద ఉంది. వాల్వ్‌లు ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎల్84, ఈజెడ్80. వెనక అట్ట మీద ఐఎఫ్ ఎంతో రాయలేదు. ప్లగ్ పెట్టి చూడనా?

సైఫాబాద్ శ్రోత (#19)

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు! చెవి కూడా కడపే అంటోంది.

గుజరాతీగల్లీ సోల్డర్ (#20)

ఆగు అన్నా, ప్లగ్ పెట్టకు! అన్ని ఏండ్లు అటక మీద పడ్డ సెట్టు.

ముందుగాల్ల స్పీకర్‌ను నడిపే ఈఎల్84 వాల్వ్ గ్రిడ్‌కు పోయే కపాసిటర్ మార్చాలె. మైనం పూసిన కాగితం గొట్టం లెక్క ఉంటది, 0.01 గాని 0.022 మైక్రోఫారడ్ గాని. అది లీకయితే గ్రిడ్ పాజిటివ్ అయితది, వాల్వ్ ప్లేటు ఎర్రగ కాలుతది, ఎనక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతది. వాల్వ్ దొరుకుతది గని ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకది. అదే విలువది 630 వోల్టుల పాలిస్టర్ కపాసిటర్ వెయ్యి, కోఠిల గుజరాతీ గల్లీల దొరుకుతది. ఫిల్టర్ ఎలక్ట్రోలైటిక్ కూడా మార్చు: 32+32 ఉన్నకాడ 33 మైక్రోఫారడ్, 450 వోల్టులవి రెండు. బలం కోసమని వంద వెయ్యకు, ఈజెడ్80 తర్వాత మొదటి కపాసిటర్ 50 దాటొద్దు, రెక్టిఫయర్ వాల్వ్ తట్టుకోది.

మొదటిసారి 60 వాట్ల గుండు బల్బు సిరీస్‌ల పెట్టి ఆన్ చెయ్యి. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే మంచిదే. నిండుగ వెలుగుతనే ఉంటే ఆపెయ్, ఏడనో షార్ట్. తర్వాత బల్బు తీసి ఈఎల్84 క్యాథోడ్ మీద మీటరు పెట్టు, 7 వోల్టుల దగ్గర ఉండాలె. 10 దాటితే మల్ల గ్రిడ్ కపాసిటరే సూడు. లోపల 250 వోల్టుల పైన డీసీ ఉంటది. ఒక చెయ్యి జేబుల పెట్టుకొనే పని చెయ్యి. ఆపినంక కూడా కపాసిటర్ల ఛార్జి ఉంటది, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తోని దించినంకనే ముట్టు.

నీది ఈ వరస వాల్వ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టు కాబట్టి కొంత నయం. యూసీహెచ్81, యూబీఎఫ్89 ఉన్న సెట్లు ఎవలకన్నా ఉంటే వాటి ఛాసిస్‌కే మెయిన్స్ తగిలి ఉంటది, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండ ముట్టొద్దు.

ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల కోర్లు మాత్రం తిప్పకు, ఎవలు చెప్పినా సరే. తిప్పితే సాక్ష్యం పోతది.

డయల్‌ముల్లు (#21)

సిగ్నల్ జనరేటర్ లేదు. కోర్లు ముట్టకుండా ఐఎఫ్ ఎలా కొలవడం?

406 మీటర్లు (#22)

రెండో రేడియో ఉంటే చాలు. అంకెల్లో ఫ్రీక్వెన్సీ చూపించి 1 కిలోహెర్ట్జ్ మెట్టుతో జరిగేది కావాలి. వాల్వ్ సెట్టును హైదరాబాద్ ‘ఎ’ 738 మీద పెట్టి, గొంతు అన్నిటికంటే నిండుగా ఉన్న చోట ఆపండి. సెట్టు లోపలి ఆసిలేటర్ అప్పుడు 738కి ఐఎఫ్ కలిపిన చోట నడుస్తుంటుంది. అంకెల రేడియోను పక్కనే, అడుగు దూరంలో పెట్టి 1185 నుంచి ఒక్కో మెట్టూ పైకి రండి. ఒక చోట బుస అణిగి మూగ క్యారియర్ పడుతుంది. అది మన ఆసిలేటరేనా అని చూడాలంటే వాల్వ్ సెట్టు నాబ్ ఒక వెంట్రుక కదపండి, అదీ కదలాలి. కదలకపోతే ఏ సెల్‌ఫోన్ ఛార్జరో, ఎల్ఈడీ బల్బో. గదిలో అవన్నీ ముందే తీసేయడం మేలు.

ఒక కిలోహెర్ట్జ్ అటూ ఇటూ అయినా ఫరవాలేదు, మనకు కావలసిన తేడా మూడు. 1190 దగ్గర పడితే ఐఎఫ్ 452, ఈల లెక్క నిలిచింది. 1193 దగ్గర పడితే ఆ ఈల ఎక్కడిదో మళ్ళీ మొదటి నుంచి వెతకాలి.